ఇంట్లో ఎస్ప్రెసోకు ఎలాంటి బర్ గ్రైండర్ తీసుకోవాలి?

ఇంట్లో ఎస్ప్రెసో చేసుకోవడానికి కోనికల్ (శంకువు ఆకారపు) బర్లున్న ఎలక్ట్రిక్ గ్రైండర్ మేలా, ఫ్లాట్ (బల్లపరుపు) బర్లున్నది మేలా అన్నది మీ ప్రశ్న. బర్లంటే గింజలను తమ మధ్య నలిపి నూరే పళ్ల జత. రెండు రకాలనూ వాడినవాడిగా నేను చెప్పగలిగింది ఏమిటంటే, పొడి మెత్తదనాన్ని ఎంత సూక్ష్మంగా మార్చుకోవచ్చు, నూరిన పొడి లోపల ఎంత మిగిలిపోతుంది అన్న రెండూ తేల్చుకున్న తరువాతే బర్ల ఆకారం గురించి ఆలోచించాలి.

ఎస్ప్రెసోకు సుమారు 9 బార్ల ఒత్తిడితో వేడి నీటిని పొడి గుండా పంపుతారు. 18 గ్రాముల పొడి నుంచి 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలన్నది మామూలుగా మొదలుపెట్టే లెక్క. పొడి వెంట్రుకవాసి మారినా ఈ లెక్క తప్పుతుంది. ఫిల్టర్ కాఫీ కోసం తయారైన ఒక గ్రైండర్ నా దగ్గర ఉండేది. దాని డయల్ ఒక అంకె దగ్గర ఉంటే షాట్ (ఒక్కసారి దిగే ఎస్ప్రెసో) 18 సెకన్లలోనే పలచగా జారిపోయేది, పక్క అంకెకు తిప్పితే 40 సెకన్లు దాటినా చుక్కలుగానే పడేది, నాకు కావలసిన చోటు ఆ రెండింటి నడుమ ఉన్నా డయల్ అక్కడ నిలిచేది కాదు. బరాట్జా ఎన్కోర్ ఈఎస్పీ అనే గ్రైండర్ డయల్లో 40 మెట్లు ఉంటే, వాటిలో మొదటి 20 మెట్లను ఎస్ప్రెసో కోసమే దగ్గర దగ్గరగా అమర్చడానికి కారణం ఇదే. యురేకా మిన్యోన్ స్పెషలిటాలో అసలు మెట్లే ఉండవు కనుక ఎక్కడైనా ఆపుకోవచ్చు, కానీ మధ్యలో ఫిల్టర్ కాఫీకి మార్చి మళ్లీ పాత చోటికి రావడం విసుగు పుట్టిస్తుంది.

ఇక లోపల మిగిలే పొడి సంగతి. ఉదయం మొదటి షాట్‌లో నిన్నటి పొడి గ్రాము, రెండు గ్రాములు కలిసినా రుచి చప్పబడుతుంది. అంతకంటే చికాకు ఏమిటంటే, డయల్ మార్చిన వెంటనే వచ్చే పొడిలో పాత మెత్తదనం కలిసి ఉండడం వల్ల ఆ మార్పు ఫలించిందో లేదో తెలియదు. హాపర్ (గింజలు నింపి ఉంచే డబ్బా) ఉన్న గ్రైండర్‌లో సెట్టింగ్ మార్చినప్పుడల్లా కొద్దిగా నూరి పారబోయడం తప్పదు. నీష్ జీరో వంటి, ఒక్కో షాట్‌కు గింజలు తూచి వేసే గ్రైండర్లలో ఈ బాధ చాలా తక్కువ. గింజలపై ఒక్క తుంపర నీళ్లు చల్లి నూరితే స్థిర విద్యుత్తు తగ్గి, పొడి గోడలకు అంటుకోకుండా దాదాపు అంతా బయటికి వస్తుంది.

బర్ల విషయానికి వస్తే, ఫ్లాట్ బర్ల కాఫీలో రుచులు విడివిడిగా తెలుస్తాయని, కోనికల్ బర్ల కాఫీ చిక్కగా ఉంటుందని చెప్పే మాటలో కొంత నిజముంది. అయితే ముదురుగా వేయించిన గింజలతో నాకు ఆ తేడా పెద్దగా తెలియలేదు, లేతగా వేయించిన వాటితోనే తెలిసింది. మోటారు వాట్ల గురించి ప్రకటనల్లో ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నేను పట్టించుకోను.

మీ ఎస్ప్రెసో యంత్రంతో వచ్చిన బాస్కెట్ (పొడి వేసే జల్లెడ గిన్నె) అడుగున ఒకే చిన్న రంధ్రం ఉంటే, అది రెండు పొరల బాస్కెట్. పొడిలోని లోపాలను అదే కప్పిపుచ్చుతుంది కనుక, ముందు ఒకే పొర ఉన్న మామూలు బాస్కెట్‌కు మారండి. ఆ తరువాత, రోజూ ఒకే రకం గింజలు వాడేవారైతే మెట్లు లేని హాపర్ గ్రైండర్‌ను, గింజలు తరచూ మార్చేవారైతే తూచి వేసే రకాన్ని తీసుకోండి.