నలభై కాయలకి ఎన్ని దెబ్బలు?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. పోయిన నెల రాత్రిపూట మా తోటలో నలభై కొబ్బరికాయలు కోసుకుపోతూ ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు దొరికిపోయాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చెట్టుకి కట్టేశారు, వచ్చినవాడల్లా ఓ దెబ్బ వేశాడు. కాయలు మావే. నేనూ అక్కడే ఉన్నాను, ఆపలేదు. "పూర్వం కన్నుకి కన్ను, పన్నుకి పన్ను అనేవారు కాబట్టే జనానికి భయం ఉండేది" అంటారు మా పెదనాన్నగారు. నిజంగా అప్పటి న్యాయం ఇలాగే ఉండేదా?

జవాబు: మీ పెదనాన్నగారి మాట ప్రకారమే లెక్క చూద్దామండి. కన్నుకి కన్ను అయితే నలభై కాయలకి నలభై కాయలు, అక్కడితో సరి. మరి ఆ దెబ్బలన్నీ ఏ పద్దు కింద రాసుకోవాలి?

ఈ మాటని మనం పగ తీర్చుకోడానికి ఇచ్చిన పర్మిషన్‌లా వాడేస్తున్నాం గానీ, అది పుట్టింది పగకి గట్టు వేయడానికి. ఒకడి కన్ను పోయిందని వాడి అన్నదమ్ములు వెళ్లి అవతలివాణ్ణి చంపేసి, వాళ్ల తాలూకు జనం వచ్చి వీళ్ల ఇల్లు తగలబెట్టి, మనవల కాలం దాకా సాగే గొడవని ఒక కన్ను దగ్గర ఆపడం దాని పని. రెండో కన్ను ముట్టుకోడానికి వీల్లేదన్నమాట.

ఇప్పటి ఇరాక్‌లో ఉండే బాబిలోన్ రాజ్యపు రాజు హమ్మురాబి శాసనంలో ఆ నియమం రాతి మీద చెక్కి ఉంది. సుమారు 3,750 ఏళ్ల కిందటిది, మనిషి కంటే ఎత్తైన నల్లరాయి, 1901-02లో ఇరాన్‌లోని సూసా తవ్వకాల్లో దొరికింది, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పెద్దమనిషి కన్ను పొడిస్తే పొడిచినవాడి కన్ను తీసేస్తారు. అదే సామాన్యుడి కన్నయితే ఒక మీనా, అంటే సుమారు అర కిలో వెండి, పారేస్తే చాలు. బానిస కన్నయితే వాడి ఖరీదులో సగం. కన్నుకి కన్ను అనేది సమానుల మధ్యే నడిచిందండి, కిందివాడి కంటికి రేటు కట్టారు. మీ తోటలో చెయ్యి చేసుకున్నవాళ్లని ఒక్క మాట అడిగి చూడండి, అవే కాయలు ఊళ్లో పెద్ద కామందుగారబ్బాయి కోసుంటే చెట్టుకి కట్టేవారా అని.

ఇంకో తమాషా. దానికంటే మూడు వందల ఏళ్లకి పైగా పాతదైన, సుమేరు రాజు ఊర్-నమ్ము చట్టంలో కొట్టి గాయపరిస్తే కట్టాల్సింది వెండి జరిమానా. కాబట్టి పాతకాలం అనగానే కళ్లు పీకడమే అనుకోనక్కర్లేదు.

హమ్మురాబి రాతిలో నాకు బాగా దగ్గరగా అనిపించేవి నీళ్ల తగువులు. అదీ మనలాగే నదినీ కాలువనీ నమ్ముకుని బతికిన నేల. తన గట్టు చూసుకోక గండి పడి పక్కవాళ్ల చేలు మునిగితే, పోయిన ధాన్యం ఆ బద్ధకస్తుడే కొలవాలి. కొలవలేకపోతే వాణ్ణీ, వాడి సామాన్నీ అమ్మేసి ఆ సొమ్ము మునిగిన రైతులు పంచుకుంటారు. ధాన్యం కొలవమనే తీర్పయితే మన బోదె తగువులో ఏ పెద్దమనిషైనా ఇచ్చేదే. మనిషిని అమ్మడం దగ్గరికొచ్చేసరికి ఒళ్లు జలదరిస్తుంది.

దొంగతనం విషయంలో మాత్రం ఆ రాయి మీ పెదనాన్నగారి పక్షమే, దాచడం ఎందుకు. గుడిదో కోటదో ఎద్దుని దొంగిలిస్తే ముప్పై రెట్లు, మామూలు మనిషిదైతే పది రెట్లు, కట్టలేకపోతే ప్రాణమే. బైబిల్లో నిర్గమకాండం కొంచెం మెత్తన, గొర్రెకి నాలుగు గొర్రెలు, ఎద్దుకి ఐదు ఎడ్లు.

ఇక భయం సంగతి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో రెండు వందలకి పైగా నేరాలకి ఉరిశిక్ష ఉండేది. ఇంట్లోంచి నలభై షిల్లింగుల సొత్తు ఎత్తుకెళ్లినా ఉరే. దొంగలు భయపడ్డారో లేదో గానీ జ్యూరీలో కూర్చున్నవాళ్లు భయపడ్డారు. ఇంత చిన్నదానికి మనిషిని చంపించలేక, ఎంత ఖరీదైన సొత్తునైనా 39 షిల్లింగులేనని తేల్చేసేవారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయమంటే వేసేవాడి చెయ్యే వణికింది. 1820ల నుంచి ఆ ఉరి నేరాల జాబితా కోసుకుంటూ వచ్చారు.

మన చట్టం ఏమంటుందంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం దొంగసొత్తు 5,000 రూపాయల లోపుండి, మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే, జైలు కాదు, సమాజ సేవ. కాయ ధర ఎంత పెరిగినా మీ నలభై కాయలు ఆ లెక్క దాటవు. మనిషిని కట్టేసి కొట్టడం మాత్రం అదే చట్టంలో వేరే నేరం. దొంగ ఒక్కడే, ఈ రెండోది చేసినవాళ్లెందరో మీకే తెలియాలి. ఆపలేదని దాచకుండా రాశారు కాబట్టే ఇంత పొడుగు జవాబు రాశాను.

ప్రశ్న: ఎప్పుడూ బాబిలోనేనా? మనవాళ్లు దీని గురించి ఏమీ చెప్పలేదా? (డిగ్రీ విద్యార్థిని, భీమవరం)

జవాబు: చెప్పకేమమ్మా. దండం, అంటే శిక్ష, మరీ కరుకైతే జనం హడలిపోతారు, మరీ మెత్తనైతే రాజుని లెక్కచేయరు, తగినట్టు వేసేవాడినే గౌరవిస్తారు అని కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదట్లోనే తేల్చేశాడు. మనుస్మృతిలో నాలుగు మెట్లున్నాయి, ముందు మాటతో మందలింపు, తర్వాత ఛీకొట్టడం, మూడోది జరిమానా, ఆఖరికి ఒంటి మీద శిక్ష. మెట్లు బాగానే ఉన్నాయి గానీ, పై కులం వాణ్ణి తిట్టిన శూద్రుడి నాలుక కోయమన్నదీ ఆ పుస్తకమే. అక్కడా కన్నుకి రేటు కట్టారు.

నాకు మాత్రం వీటన్నిటికంటే మాండవ్యుడి కథే ఇష్టం. రాజమహేంద్రవరంలో నన్నయగారు తెలుగు చేసిన ఆదిపర్వంలో ఉంది. దొంగలు సొత్తు తెచ్చి ఆశ్రమంలో దాచారు, మౌనంలో ఉన్న ముని రాజభటులు అడిగితే బదులు చెప్పలేదు, తీసుకెళ్లి కొరత వేశారు, అంటే శూలానికి గుచ్చారు. అంత బాధలోనూ ప్రాణం పోలేదు. తర్వాత ఆయన నేరుగా యముడి దగ్గరికే వెళ్లి, నేనేం చేశానయ్యా అని నిలదీస్తే, చిన్నప్పుడు తూనీగల్ని పుల్లతో గుచ్చావు, దాని ఫలితం అన్నాడాయన. దాళ్వా కోతలప్పుడు తూనీగ తోకకి దారం కట్టని పిల్లాడు మన ఊళ్లలో ఉన్నాడా చెప్పు! మునికి ఒళ్లు మండింది. ఇంత చిన్న తప్పుకి అంత పెద్ద శిక్షా అని యముణ్ణే భూమ్మీద పుట్టమని శపించాడు, ఆయనే విదురుడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు చేసినదానికి పాపం అంటదని కట్టడి కూడా చేశాడు. చిట్టా రాసేవాడి చిట్టాని పట్టుకుని అడిగినవాణ్ణి ఇంకో కథలో నేను చూడలేదు.

నువ్వు అడగకపోయినా ఒక మాట. జరిమానాకి పాత తెలుగులో దండుగ అనే పేరు. ఇప్పుడు "డబ్బు దండగ" అంటున్నాం. కట్టినవాళ్ల ఏడుపే మాటలో మిగిలింది.

ప్రశ్న: చేలో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డిలో శిక్ష పడేది గేదెకా, మనిషికా? (ఒక రైతు, ముమ్మిడివరం)

జవాబు: కడుపు మాడేది గేదెకి, జేబు చిరిగేది మనిషికండి. 1871 నాటి పశువుల చట్టంలో మేకకి ఒక అణా, గేదెకి ఎనిమిది అణాలు, ఏనుగుకి రెండు రూపాయలు అని పట్టీయే ఉంది. ఎంత మేస్తే అంత, చూశారా. కోనసీమలో ఏనుగుని బందెలదొడ్డికి ఎవరు తోలుకొచ్చారో నాకైతే తెలీదు. మా గేదె మాత్రం ఒకసారి పక్కవాళ్ల మినపచేలో పడి అక్కడికి చేరింది. మా నాన్న సాయంత్రానికి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకొచ్చాడు. తీరా చూస్తే పొదుగు ఖాళీ. కాపలావాడు ఆ పూట పాలు పితికేసుకున్నాడు, అది ఏ పట్టీలోనూ లేదు.