టెక్ సందేహాలు: 1996 నాటి జాంబీల బంగళా విండోస్ 11లో

ఈ వారం మెయిల్ తెరిస్తే ఫోన్ హ్యాంగవుతోంది, వైఫై రావట్లేదు లాంటి సందేహాల కంటే ‘రెసిడెంట్ ఈవిల్’ గురించినవే ఎక్కువ కనిపించాయి. ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే. ఒకళ్ల నుంచి ఒకళ్లకు పాకినట్టుంది. తెలియనివారికి రెండు ముక్కల్లో: జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ 1996లో ప్లేస్టేషన్‌కు తెచ్చిన భయానక గేము ఇది. షింజి మికామి దర్శకుడు. అడవి మధ్యలో బంగళా, అందులో జాంబీలు, మన దగ్గర చాలీచాలని బుల్లెట్లు. ఆ పాత గేమునే ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా సరిచేసి మళ్లీ అమ్ముతున్నారు. ఇక సందేహాల్లోకి వెళ్దాం.

అన్నా, మా అన్నయ్య డిగ్రీ రోజుల్లో కొన్న రెసిడెంట్ ఈవిల్ సీడీ అటక మీద దొరికింది. బయటి డీవీడీ డ్రైవ్ తెచ్చి విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఈ యాప్ మీ పీసీలో నడవదంటోంది. పాత విండోస్‌లా నడిపించే కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా అంతే. కొత్తగా అమ్ముతున్నది కొందామంటే, సీడీ ఉండగా మళ్లీ డబ్బులెందుకని అన్నయ్య గొడవ. ఏం చేయమంటారు? — ఒక పాఠకుడు, పలాస

సీడీ మీద గీతలు లేకపోతే తప్పు సీడీది కాదు. ఆ కాలపు చాలా గేముల్లో గేము 32 బిట్‌దే అయినా దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం అంతకంటే పాత పద్ధతిదైన 16 బిట్‌ది ఉండేది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో. అందుకే మీరు కంపాటిబిలిటీ మోడ్‌లో ఏది ఎంచుకున్నా అదే మెసేజ్ వస్తుంది.

సెటప్ ఎలాగోలా దాటినా ఇంకో రెండు గండాలుంటాయి. అప్పటి గ్రాఫిక్స్ కార్డుల కోసం రాసిన కోడ్ ఇప్పటి డ్రైవర్లకు సరిగా ఎక్కదు. తెర నల్లగా ఉండిపోవడం, రంగులు తారుమారవడం దానివల్లే. రెండోది కాపీ తాళాలు. దొంగ సీడీలను ఆపడానికి అప్పట్లో చాలా గేములకు సేఫ్‌డిస్క్ లాంటివి వేసేవారు. వాటికి కావలసిన డ్రైవర్ భద్రతకు ముప్పని మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుంచే తీసేసింది. దాంతో ఆ తాళం ఉన్న గేములన్నీ, డబ్బు పెట్టి అసలు సీడీ కొన్నవాళ్ల దగ్గరే మొరాయించాయి. క్రాక్ వేసుకున్నవాడు మాత్రం హాయిగా ఆడుకున్నాడు. ఏటి సేస్తాం!

మళ్లీ అమ్ముతున్నది జీఓజీ అనే ఆన్‌లైన్ స్టోర్. పోలండ్ వాళ్లది. పాత గేములను బతికించి అమ్మడంలో వీళ్లది అందె వేసిన చెయ్యి. 2024 జూన్‌లో మొదటి రెసిడెంట్ ఈవిల్‌ను, ఆ ఏడాదిలోనే రెండు, మూడు భాగాలను విడుదల చేశారు. పిమ్మట 2025 జనవరిలో అదే క్యాప్‌కామ్ రాక్షసబల్లుల గేము ‘డైనో క్రైసిస్’ రెండు భాగాలూ తెచ్చారు. కథ, బొమ్మలు, ఆట ఏవీ మార్చలేదు. బొమ్మను తెర మీద గీసే భాగాన్ని ఇప్పటి విండోస్‌కు సరిపోయేలా సవరించారు, వీడియోలు సరిగా వచ్చేలా చేశారు, కొత్త గేమ్‌ప్యాడ్లు పనిచేసేలా చూశారు. ఒక్కో గేము మామూలు ధర పది డాలర్లకు అటూఇటూ. సేల్ పెట్టినప్పుడు తగ్గుతుంది.

మీ అన్నయ్య వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. ఓపికుంటే డీజీవూడూ లాంటి ఉచిత సాధనాలతో పాత గేమును నడిపించే దారులున్నాయి. కానీ ఒక ఆదివారం దానికి పోతుంది, ఆడటానికి ఇంకో ఆదివారం కావాలి. నేనైతే కొంటాను. పలాసలో ఉన్న మీకు ఇంకో కారణం కూడా చెబుతాను. జీఓజీలో కొన్న గేముకు డీఆర్ఎం, అంటే కాపీ తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ దింపుకొని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు, సెల్ టవర్లు ఎన్నాళ్లు పడుకున్నాయో మీకు వేరే చెప్పాలా? నెట్ ఉంటేనే తెరుచుకునే గేముకూ, చేతిలో ఫైలుండే గేముకూ తేడా అలాంటప్పుడే తెలుస్తుంది. సీడీని మాత్రం పారేయకండి. కవరుతో సహా ఉంటే సేకరించేవాళ్లు అడుగుతారు.

గేము కొన్నాను సార్. గంటస్తంభం దగ్గర షాపులో గేమ్‌ప్యాడ్ కూడా తీసుకున్నాను. కానీ ఎడమకు నొక్కితే బొమ్మ ఎడమకు వెళ్లకుండా ఉన్నచోటే తిరుగుతోంది. తలుపు తీసిన ప్రతిసారీ తెర మొత్తం నల్లబడి ఒక్క తలుపే కనిపిస్తోంది. ప్యాడ్ పాడైందా? ల్యాప్‌టాప్ స్లో అయిందా? — బీటెక్ విద్యార్థి, విజయనగరం

రెండూ బాగానే ఉన్నాయి. షాపువాడితో గొడవ పెట్టుకోకండి. ఈ గేము పుట్టుకే అంత.

అసలు ప్లేస్టేషన్‌లో మెయిన్ మెమరీ 2 ఎంబీ. వాట్సాప్‌లో మీరు పంపే ఒక ఫోటో అంతకంటే పెద్దదిగా ఉండొచ్చు. అందులో బంగళా మొత్తాన్ని త్రీడీలో గీయడం అయ్యే పని కాదు. అందుకని ప్రతి గదినీ ముందే పెద్ద కంప్యూటర్లలో బొమ్మలుగా తయారుచేసి పెట్టుకున్నారు. మీరు చూస్తున్న మెట్లు, కార్పెట్, కొవ్వొత్తులు అన్నీ దాదాపు కదలని బొమ్మలే. వాటి మీద హీరో, జాంబీలు, కొన్ని వస్తువులు మాత్రమే అప్పటికప్పుడు గీసేవి. బొమ్మ కదలదు కాబట్టి కెమెరా కూడా కదలదు. నడుస్తూ గది అంచుకు వచ్చారంటే ఇంకో మూల నుంచి తీసిన ఇంకో బొమ్మ టక్కున పడుతుంది.

ఇప్పుడు మీ ఎడమ గొడవకు వద్దాం. కెమెరా ఉన్నట్టుండి అటువైపుకు మారితే మీ ఎడమ కాస్తా కుడి అయిపోతుంది. తెరను బట్టి నడిచే కంట్రోల్స్ ఉంటే, కెమెరా మారిన క్షణంలో హీరో వెనక్కి తిరిగి జాంబీ ఒళ్లోకే పోతాడు. అలా కాకుండా పైకి నొక్కితే హీరో ముఖం ఎటుంటే అటు ముందుకు, ఎడమ కుడి నొక్కితే ఉన్నచోటే తిరగడం అని పెట్టారు. కెమెరా ఎన్నిసార్లు మారినా వేలు తీయక్కర్లేదు. వీటికి ట్యాంక్ కంట్రోల్స్ అని పేరు. మొదటి గంట చిరాకు పుడుతుంది, తర్వాత చెయ్యి అలవాటు పడిపోతుంది. ఆనలాగ్ స్టిక్ వదిలేసి ప్లస్ గుర్తులా ఉండే డీప్యాడ్‌తో ఆడి చూడండి, సగం చిరాకు తగ్గుతుంది.

తలుపుల సంగతి ఇంకా తమాషా. సీడీ నుంచి పక్క గదిని చదవడానికి ప్లేస్టేషన్‌కు కొన్ని సెకన్లు పట్టేది. ఆ డ్రైవ్ వేగం సెకనుకు 300 కేబీ. ‘లోడింగ్’ అని రాసి కూర్చోబెట్టే బదులు చీకట్లో తలుపు కిర్రుమని తెరుచుకునే బొమ్మ పెట్టారు. ఆ కొన్ని సెకన్లూ అవతల ఏముందో అని మనకు గుండె దడ. యంత్రం చేతకానితనాన్ని భయానికి వాడుకోవడంలో దీన్ని మించింది నేను చూడలేదు. ఇప్పటి వేగమైన ఎస్ఎస్‌డీ డ్రైవుకు ఆ ఆగడం అక్కర్లేకపోయినా తలుపు మాత్రం ఉండాల్సిందే అంటాను. దాన్ని దాటేసే మాడ్స్, అంటే అభిమానులు చేసిన మార్పులు దొరుకుతాయి, మొదటిసారి ఆడేటప్పుడు వాటి జోలికి పోవద్దు.

నిజంగా ప్యాడ్‌ను గుర్తించకపోతే దాని వెనక ఎక్స్, డి అని స్విచ్ ఉందేమో చూసి ఎక్స్‌కు మార్చండి. కొన్నింటిలో స్విచ్ ఉండదు, హోమ్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోవాలి.

అడగకపోయినా ఒక మాట. గేములో ఎంచుకోవడానికి జిల్, క్రిస్ అని ఇద్దరుంటారు, మొదట జిల్‌తో మొదలుపెట్టండి. ఆమె ఎనిమిది వస్తువులు మోయగలదు, క్రిస్ ఆరే మోస్తాడు. పైగా కొన్ని తాళాలు తీసే పనిముట్టు ఆమె దగ్గరుంటుంది. కనిపించిన ప్రతి జాంబీనీ కాల్చకండి. పక్కనుంచి తప్పించుకుపోతే బుల్లెట్లు మిగులుతాయి.

పాతది కొనాలా, రీమేక్ కొనాలా? నాది ఐ3 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. — పోటీ పరీక్షల అభ్యర్థి, శ్రీకాకుళం

ముందు పరీక్ష రాయండి, గేము ఎక్కడికీ పోదు! సరదాకు అన్నాను.

మొదటి భాగానికి రీమేక్ 2002లో గేమ్‌క్యూబ్ అనే యంత్రానికి వచ్చింది, అదీ మికామి చేతుల మీదుగానే. దాన్నే మెరుగుపరిచి 2015లో హెచ్‌డీ రీమాస్టర్‌గా పీసీకి తెచ్చారు. ఇది మీ ల్యాప్‌టాప్‌లో సెట్టింగులు కాస్త తగ్గించుకుంటే ఆడుకునే స్థాయిలో నడుస్తుంది. ఇందులో కూడా కెమెరాలు కదలవు, కానీ కంట్రోల్స్ కొత్త పద్ధతికి మార్చుకోవచ్చు. బంగళా అదే అయినా చచ్చిన జాంబీని కిరోసిన్ పోసి కాల్చకపోతే తర్వాత లేచి పరుగెత్తుకొస్తుంది. మోసుకెళ్లే కిరోసిన్ కొంచెమే. ఎవర్ని కాల్చాలి, ఎవర్ని వదలాలి అన్న లెక్కతోనే టెన్షన్ పుడుతుంది. నా మట్టుకు నాకు ఈ సిరీస్‌లో ఇదే ఉత్తమం.

రెండో భాగానికి 2019లో, మూడోదానికి 2020లో వచ్చిన రీమేక్‌లు పూర్తిగా వేరు. కెమెరా భుజం వెనకే ఉంటుంది, బొమ్మలు సినిమాలా ఉంటాయి. వాటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి, మీ దాంట్లో పెట్టుకోకండి. రెండో భాగం పాతదే కొనుక్కోండి, 1998 నాటి ఆ గేముకు మీ ఐ3 కావలసినదానికంటే ఎక్కువే.

బొమ్మ మధ్యలోనే వస్తోంది, రెండు పక్కలా నల్ల పట్టీలు. ఫుల్ స్క్రీన్ చేస్తే మనుషులు లావుగా కనిపిస్తున్నారు. — బొబ్బిలి

వెడల్పు, ఎత్తుల లెక్కలో పాత టీవీలు 4:3, మీ తెర 16:9. పట్టీలు ఉండటమే సరైన బొమ్మ, సాగదీయకండి. గేము సెట్టింగుల్లో ఇంటీజర్ స్కేలింగ్ ఉంటుంది, అది పెడితే చుక్కలు మసకబారకుండా స్పష్టంగా వస్తాయి. చీకటి మరీ ఎక్కువగా అనిపిస్తే మానిటర్ వెలుగు పెంచే బదులు గేము సెట్టింగుల్లో గామా (చీకటి చోట్ల వెలుగు) కాస్త పెంచండి.

మా గుంటడికి పన్నెండేళ్లు. స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఈ గేము ఇస్తానన్నాడట, ఎక్కించమని ప్రాణం తీస్తున్నాడు. పాత బొమ్మలే కదా, ఏం కాదంటున్నాడు. పెట్టొచ్చా సార్? — ఒక తల్లి, రాజాం

వద్దమ్మా. బొమ్మలు మొరటుగా ఉన్నాయన్న మాట నిజమే, కానీ రక్తం, శవాలు, కుక్కలు కిటికీ అద్దం పగలగొట్టుకొని మీద పడటం అన్నీ ఉన్నాయి. అమెరికాలో రేటింగులిచ్చే ఈఎస్ఆర్‌బీ దీన్ని పదిహేడేళ్లు దాటినవారికి అంది. ఆ మాటకు నేను పూచీ.

మీరు గమనించాల్సింది ఇంకోటుంది. పలాస పాఠకుడికిచ్చిన జవాబులో తాళం లేకపోవడం మంచిదన్నాను, మీ ఇంట్లో మాత్రం అదే చిక్కు. పెన్‌డ్రైవ్‌లో వచ్చిన గేమును స్టోర్లలో పెట్టిన వయసు పరిమితులు పట్టుకోలేవు. అందుకని కంప్యూటర్‌లో బాబుకు విడిగా అకౌంట్ చేయండి. సెట్టింగ్స్, అకౌంట్స్, ఫ్యామిలీలోకి వెళ్లి చైల్డ్ అకౌంట్ చేర్చితే అది అడ్మిన్ కాకుండా మామూలు యూజర్‌గా ఉంటుంది. అప్పుడు చాలా ఇన్‌స్టాలర్లు మీ పాస్‌వర్డ్ అడుగుతాయి. ఆ పాస్‌వర్డ్ మీ పుట్టినరోజు తేదీ కాకుండా చూసుకోండి, పిల్లలు మొదట కొట్టేది అదే. అన్నట్టు, స్నేహితుడు కొన్న కాపీని ఇంకొకళ్లకు పంచడం కూడా సరైన పని కాదు. తాళం లేనంత మాత్రాన ఊరందరిదీ అయిపోదు.

ఉచితంగా ఇచ్చే సైటొకటి దొరికింది. దింపుకునే ముందు యాంటీవైరస్ ఆపేయమంటోంది. — నరసన్నపేట

దొంగ వచ్చి కుక్కను కట్టేయమంటే కట్టేస్తారా? ఆ సైటు మూసేయండి. ఇప్పటికే ఎక్కించి ఉంటే నెట్ తీసేసి, విండోస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి.

కార్డుతో కడుతుంటే డిక్లైన్డ్ అని వస్తోంది. బ్యాలెన్స్ ఉంది. — విజయనగరం

ధర డాలర్లలో ఉంది కాబట్టి అది విదేశీ లావాదేవీ. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. మీ బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ రెండూ ఆన్ చేయండి. లిమిట్ వెయ్యి రెండు వేలకు పెట్టి, కట్టడం అయిపోగానే ఆపేయండి. మారకపు చార్జీ కొంత పడుతుంది. గేము నడవకపోతే జీఓజీలో కొన్న 30 రోజుల్లోపు డబ్బు వెనక్కి అడగొచ్చు.

డెస్క్‌టాప్‌లో ఆడుతుంటే కరెంటు పోయి రెండు గంటల ఆట పోయింది. ఆటోసేవ్ ఎక్కడ ఆన్ చేయాలి? — ఇచ్ఛాపురం

లేదు, ఇందులో ఆటోసేవ్ అనేదే లేదు. బంగళాలో అక్కడక్కడా టైప్‌రైటర్లుంటాయి, వాటి దగ్గర ఇంకు రిబ్బన్ వాడితేనే సేవ్ అవుతుంది. రిబ్బన్లు కూడా లెక్కగానే దొరుకుతాయి. కావాలనే అలా చేశారు. మీది డెస్క్‌టాప్ అంటున్నారు కాబట్టి మామూలు 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టుకోండి, కొన్ని నిమిషాలు ఆపుతుంది. సీపీయూతో పాటు మానిటర్ ప్లగ్గు కూడా దానికే పెట్టండి. చాలామంది అది మరిచిపోతారు, తర్వాత చీకటి తెర ముందు కూర్చొని టైప్‌రైటర్ ఎటుందో వెతుక్కుంటారు. ఈదురుగాలులు మొదలైన సాయంత్రం మాత్రం రిబ్బన్ల దగ్గర పిసినారితనం చేయకుండా సేవ్ చేసుకోండి.