ఉప్పుగాలి ఊళ్ళో చిన్న ఎస్‌యూవీ: కొత్తదా, వాడినదా?

మీ ప్రశ్న ఇదీ: విశాఖ మధురవాడలో ఉంటారు, ఇంట్లో ఐదుగురు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పి, చేతిలో పది లక్షలు. నెలకు ఆరేడు వందల కిలోమీటర్లకు మించి తిరగరు. ఋషికొండలో ఒకరి దగ్గర 2020 చివర్లో కొన్న డీజిల్ ఎస్‌యూవీ అమ్మకానికి ఉంది, 38 వేల కిలోమీటర్లే తిరిగింది, రంగు కొత్తదానిలా మెరుస్తోంది. అది తీసుకోవాలా, లేక అప్పు చేసైనా కొత్తది కొనాలా?

ముందుగా ఒక్క మాట. ఆ బండిని కింద నుంచి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. తక్కువ తిరిగిందన్న ఒక్క కారణంతో అసలే ఇవ్వకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అచ్చం అలాంటి బండినే నేను 2019లో కొన్నాను.

మాది చినవాల్తేరు. బడిలో లెక్కలు చెబుతాను. అప్పట్లో నేను కొన్నది మూడేళ్ళ డీజిల్ బండి. ఫస్ట్ ఓనర్, 31 వేల కిలోమీటర్లు, ఒక్క గీత కూడా లేదు. యజమాని విదేశాల్లో ఉద్యోగం చేసేవారు. బండి సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ ముందు కవరు కప్పుకుని నెలల తరబడి నిలబడే ఉండేది. ఆ కవరు చూసి, ఎంత జాగ్రత్తగా వాడారో అనుకున్నాను. ఉప్పు తేమను లోపలే పట్టి ఉంచింది ఆ కవరేనని నాకు అప్పుడు తెలియలేదు.

ఆరు నెలలకు ఏసీ చల్లదనం తగ్గింది. గ్యాస్ నింపించాను. రెండు నెలలకు మళ్ళీ అదే వరస. విప్పి చూస్తే ఏసీ గ్యాసును చల్లబరిచే కండెన్సర్ రేకులు చేత్తో తాకితే చాలు, పొడిపొడిగా రాలుతున్నాయి. కండెన్సర్ మార్పించాక సైలెన్సర్ పేచీ మొదలుపెట్టింది. చివరికి అరకు వెళ్ళే ముందు ఒకసారి అంతా చూపిద్దామని మా వీధి మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన బండిని లిఫ్ట్ మీద పైకెత్తి, టార్చి వేసి, స్క్రూడ్రైవర్ మొనతో ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఆర్మ్ మీద గీశారు. అరటిదొప్ప పొరల్లాగా తుప్పు ఊడి ఆయన అరచేతిలో పడింది. ఆ చేయి నా ముందుకు చాపి, "ఇది సముద్రం తిన్న బండి మాస్టారూ. ఇలాగే ఘాట్ ఎక్కుతానంటే నేను ఒప్పుకోను" అన్నారు. నా భార్య, పిల్లలు, మా అమ్మ ఎక్కవలసిన బండి అది. ఆ తుప్పు రంగు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

రెండేళ్ళలో దాని మీద లక్షా పది వేలు ఖర్చయింది. అమ్మినాయన మోసం చేశారని నేను అనుకోవడం లేదు. ఆయనకూ కింద ఏముందో తెలిసి ఉండదు. నేను అమ్మేటప్పుడు మాత్రం కొనే ఆయనకు బిల్లులన్నీ చూపించి, ధర తగ్గించే ఇచ్చాను.

రెండో బండి 2022లో విజయనగరం నుంచి తెచ్చుకున్నాను. అదీ మూడేళ్ళదే, పెట్రోలు. 52 వేల కిలోమీటర్లు తిరిగింది. మొదటిదానికంటే 21 వేలు ఎక్కువ. అయినా అడుగుభాగం శుభ్రంగా ఉంది. ఎండిన మట్టి ఉంది, అంతే. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు తప్ప ఇప్పటిదాకా పెద్ద ఖర్చు రాలేదు. అందుకే మన ఊళ్ళో వాడిన బండి కొనేవారికి నేను చెప్పేది ఒకటే: మీటరు చూసే ముందు, ఆ బండి రాత్రుళ్ళు ఎక్కడ నిలబడిందో అడగండి. లాసన్స్ బే, ఋషికొండ, బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలబడినదైతే ఒకటికి రెండుసార్లు చూడండి. పెందుర్తి, కొత్తవలస, అనకాపల్లి, విజయనగరం బండ్లను కూడా వెతికే జాబితాలో చేర్చుకోండి. ఇదివరకు ఏపీ 31 అని ఉంటే విశాఖ బండి అని తెలిసిపోయేది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు ప్లేటు చూసి ఊరు చెప్పలేం. ఆర్‌సీలో చిరునామా చూడాలి. బండి ఎక్కడ నిలిపేవారో యజమానినే అడగాలి.

చూడటానికి ఉదయమే వెళ్ళండి. మీరు వచ్చేసరికి ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో వినాలి. తలుపుల అడుగు అంచులు, చక్రాల పైన లోపలి మడతలు, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట, బ్యాటరీ కింది పళ్ళెం, ఏసీ కండెన్సర్ రేకులు చూడండి. ఉప్పుగాలి ముందుగా పట్టేవి ఇవే. తలుపు రబ్బరు బీడింగ్ కాస్త లాగితే కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు వరసగా, గుండ్రంగా కనిపిస్తాయి. అవి చెరిగిపోయి ఉంటే ఆ వైపు దెబ్బ తగిలి డెంటింగ్ చేయించారన్నమాట. బానెట్ బోల్టుల మీద రంగు లేచిపోయి ఉంటే వాటిని ఎవరో విప్పారు. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ఐదేళ్ళ బండికి రెండేళ్ళ టైర్లు, 38 వేల రీడింగు రెండూ కలవవు. ఎందుకు మార్చారో అడగండి. కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరు చెబితే ప్రతి సర్వీసుకూ నమోదైన కిలోమీటర్లు తెలుస్తాయి. యజమానిని వెంట తీసుకువెళ్ళి ఆ పట్టిక అడగండి. తరువాత నమ్మకమైన మెకానిక్ చేత లిఫ్ట్ మీద చూపించండి. వెయ్యో రెండు వేలో అవుతుంది, ఇవ్వండి. లిఫ్ట్ మీదికి ఒప్పుకోని అమ్మకందారుకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు వీధులు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకు చెన్నైలోనూ అదే పరిస్థితి. అలా మునిగిన బండ్లు శుభ్రమై వేరే ఊళ్ళ మార్కెట్లకు చేరుతుంటాయి. ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. లోపలి భాగంలో బురద మరక ఉంటే ఎంత కడిగినా పోదు. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉన్నా, కార్పెట్ కింద ముక్క వాసన వచ్చినా ఆ బండి వద్దు. మునిగిన బండిలో వైర్లు ఏ రోజు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు.

ఇక మీరు చూసిన డీజిల్ సంగతి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటి కోసం డీజిల్ ఎస్‌యూవీల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు పెట్టారు. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద ఒకే వేగంతో అరగంటైనా పరుగెత్తాలి. బడికీ బజారుకీ నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ వేడి పుట్టదు. ఫిల్టరు పూడుకుపోతుంది, డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఫిల్టరు మార్చవలసి వస్తే ఖర్చు చాలా ఎక్కువ. ఆ బండి ఐదేళ్ళలో 38 వేలే తిరిగిందంటే నెలకు సుమారు 630 కిలోమీటర్లే. అంటే ఫిల్టరుకు గిట్టని వాడకమే. మీ వాడకమూ అంతే కదా. ఉప్పుగాలి, తక్కువ వాడకం రెండూ కలిసిన డీజిల్ అది. నేనైతే వదిలేస్తాను. రోజూ శ్రీకాకుళమో రాజమండ్రో వెళ్ళి వచ్చేవారికి డీజిల్ బాగుంటుంది, మీకు పెట్రోలే.

కొత్తదా, వాడినదా అన్న లెక్క 2025 సెప్టెంబరు 22 తరువాత కొంత మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిల్ ఇంజిన్ 1500 సీసీ దాటకపోతే జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు పెట్రోలు బండి మీద సెస్సుతో కలిపి 29, డీజిల్ మీద 31 ఉండేది. ఈ హద్దులు దాటిన వాటికి 40 శాతం. ఉదాహరణకు మారుతి బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే. కానీ దాని పెట్రోలు ఇంజిన్ 1462 సీసీ, కనుక 40 శాతంలోకి వెళుతుంది. టాటా పెట్రోలు నెక్సాన్ 1199 సీసీ, అందుకే 18లో ఉంది. కొత్త బండ్ల ధరలు ఇలా తగ్గాయి కనుక, అంతకుముందు ధరల లెక్కతో ఎవరైనా వాడిన బండికి రేటు చెబితే ఒప్పుకోకండి. అదే రకం కొత్త బండి ఆన్‌రోడ్ ధర ఈ రోజు ఎంతో షోరూమ్‌లో రాయించుకుని, ఆ కాగితం పట్టుకుని బేరమాడండి.

నా సలహా: అప్పు లేకుండా పది లక్షల్లోనే ముగించాలనుకుంటే, 2023 ఏప్రిల్ తరువాత తయారైన, ఫస్ట్ ఓనర్ పెట్రోలు బండి వెతకండి. అప్పటి నుంచి వచ్చిన బండ్లలో ఇంధనం తగిలే భాగాలు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తగినట్టు వచ్చాయి. ఇప్పుడు బంకుల్లో పోసేది అదే. మంచి వాడిన బండికీ కొత్తదానికీ తేడా లక్షన్నర లోపే వస్తే మాత్రం సందేహించకుండా కొత్తదే కొనండి. వాడిన బండి అప్పుకు వడ్డీ ఎక్కువ, వారంటీ తక్కువ. కొత్తది కొంటే మొదటి వారంలోనే అడుగుభాగం తుప్పు పట్టకుండా పూసే అండర్‌బాడీ కోటింగ్ చేయించండి. బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చిన రోజు, కనీసం వారానికొకసారైనా, కింద మంచి నీళ్ళు కొట్టించండి.

ఐదుగురు కూర్చోవాలి కనుక వెనక సీటు వెడల్పు ముఖ్యం. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ బండి వెడల్పు 1821 మిల్లీమీటర్లు, 2019 నాటి హ్యుందాయ్ వెన్యూది 1770. వెనక ముగ్గురు కూర్చున్నప్పుడు ఆ ఐదు సెంటీమీటర్ల తేడా భుజాలకు తెలుస్తుంది. భద్రత విషయంలో 2023 అక్టోబరు నుంచి కార్లను ఢీకొట్టించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి. నెక్సాన్, 3ఎక్స్‌ఓ, స్కోడా కైలాక్ అందులో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. టెస్ట్ డ్రైవ్‌కు చదునైన బీఆర్‌టీఎస్ రోడ్డు చాలదు. సింహాచలం కొండ ఎక్కించండి, ఐదుగురూ ఎక్కి ఏసీ వేసుకుని. మలుపులో ఒకసారి ఆపి మళ్ళీ కదిలించండి. టర్బో లేని 1200 సీసీ ఇంజిన్ రెండో గేరులో ఎంత ఆయాసపడుతుందో, ఆటోమేటిక్ అయితే ఎంత వెనక్కి జారుతుందో అక్కడ తెలుస్తుంది. అనంతగిరి ఘాట్ దానికి ఎన్నో రెట్లు పొడవు.

కాగితాల దగ్గర తొందరపడకండి. అప్పు మీద కొన్న బండి అయితే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్‌సీలో ఆ అప్పు నమోదు తీసేయించే ఫారం 35 ఉండాలి. యాజమాన్యం మారడానికి ఫారం 29, 30. ఆర్‌సీ మీ పేరుకు మారేదాకా కొంత డబ్బు మీ దగ్గరే ఉంచుకుంటామని ముందే మాట్లాడుకోండి. ఇన్సూరెన్స్‌ను పద్నాలుగు రోజుల్లో మీ పేరుకు మార్పించాలి. పాత యజమానికి క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, ఆయనదే, బండితో పాటు మీకు రాదు. చలానాలు ఏమైనా ఉన్నాయేమో నంబరు కొట్టి చూడండి. తెలంగాణ బండి చవకగా వస్తోందని తెస్తే ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అది కలిపి చూస్తే చవక అనిపించదు. ఇన్సూరెన్స్ మాత్రం థర్డ్ పార్టీతో సరిపెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన మర్నాడు మా వీధిలో చెట్ల కింద నలిగిన కార్లు నేను లెక్కపెట్టాను, ఏడు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి తమ బండికి రూపాయి కూడా రాలేదు.

చివరగా అమ్మగారి సంగతి. బండి ఖరారు చేసే ముందు ఆమెను తప్పకుండా తీసుకువెళ్ళండి. మా అమ్మకూ మోకాళ్ళ నొప్పులే. మొదటి బండి ఎక్కాలంటే ఒక కాలు పైకెత్తి, చేత్తో తలుపు పట్టుకుని వేలాడినట్టు ఎక్కేది. రెండోదాన్ని ఆమె చేతనే ఎక్కించి చూశాకే కొన్నాను. సీటు అంచు ఆమె తుంటి ఎత్తుకు సరిగ్గా ఉండాలి, వెనక్కి జరిగి కూర్చుంటే చాలన్నట్టు. అంతకంటే ఎత్తుంటే ఎక్కడం కష్టం, తక్కువైతే లేవడం కష్టం. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, పైనున్న పిడి చేతికి అందుతుందా అన్నవి కూడా చూడండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్క స్తంభానికి తగలకుండా ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో టేపు పెట్టి కొలుచుకుని మరీ వెళ్ళండి. ఋషికొండ బండిని లిఫ్ట్ ఎక్కిస్తే ఏం కనిపించిందో ఇక్కడ రాయండి. కింది భాగం ఫొటోలు పెడితే నాకు తెలిసినంత వరకు చూసి చెబుతాను.