చెక్క మీద పానగల్ చెరువు

బిడ్డా,

నువ్వు పంపిన బొమ్మ చూసిన. పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నిలబడి గీసినవని చూడంగనే తెలిసింది. దాన్ని చెక్క మీద చెక్కి, ఇంకు పూసి, కాయిదం మీద అచ్చు తీసేముందు నా మాట కొంచెం విను.

ముందుగాల బొమ్మను తిప్పు, అచ్చుల కుడి ఎడమైతది. నా మొదటి ఉడ్‌కట్‌ల, అంటే చెక్క అచ్చుల, మా ఊరి గుట్టను కండ్లకు కనబడ్డట్టే చెక్కిన. ప్రింట్ తీసి గొర్లు కాసే తాతకు చూపిస్తే, "గుట్ట బాయికి అవతలికెట్ల పోయింది సారూ?" అన్నడు. మూడు వారాల పని మన్నుల కలిసింది. అప్పట్నుంచి బటర్ పేపర్ మీద గీసి, బోర్లేసి, కార్బన్ పెట్టి చెక్క మీదికి దించుతున్న.

చెక్క నార అడ్డంగ వచ్చేటట్టు పెట్టుకో. కట్ట గీత ఒక్క ఊపున సాగుతది. తాటిచెట్ల కాడ గౌజ్ (చెక్కే ఉలి) నారకు అడ్డం పడుతది, అంచులు లేస్తయి. ముందు కత్తితోని రెండు దిక్కులా గాటు పెట్టు. ఎడమ చెయ్యి గౌజ్ ముందట ఉంచకు. నా బొటనవేలి మచ్చ నీకు తెలుసు.

ఇగ అసలు సంగతి. నా దగ్గరున్న, అచ్చు బొమ్మల కళాకారుడు హరేన్ దాస్ (1921–1993) బెంగాల్ పల్లెల ప్రింట్లు చూసి, నువ్వు ఆకాశమంత సన్నగీతలు నింపినవ్. ఆయనది నీళ్ల దేశం, మబ్బుల దేశం. పైగా ఆ ప్రింట్లు ఉడ్ ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే చెట్టు బోదెను అడ్డంగ కోసిన గట్టి చెక్క మీద చేసేది. నీ ప్లైవుడ్ ఆ సన్నదనానికి ఆగదు, పెచ్చులూడుతది. మన నల్లగొండ ఎండ చూడు. మే నెల పగటి పన్నెండు గంటలకు బండలు తెల్లగ మండుతయి, నీడ పోయి రాయి కింద దాసుకుంటది. ఆకాశం మొత్తం చెక్కి పారెయ్. చెక్కిన కాడ ఇంకు అంటదు, కాయిదం తెలుపే ఎండ. నలుపు బండల సందులల్ల, తాటిమట్టలల్ల, కట్ట కింద ఉంటే సాలు. బండల మీద మాత్రం ఒక ప్రూఫ్ (పరీక్ష అచ్చు) తీసి చూసినంకనే గౌజ్ పెట్టు.

ప్రెస్ (అచ్చు మిషను) లేదని రంధి పడకు. నేపాలీ కాయిదం పరిచి స్టీలు గరిటె వీపుతోని రుద్దు. ఇంకు ఎక్కువైతే సన్నగీతలు పూడుకపోతయి.

ఫ్రేము కట్టేటాయనకు జిగురు పెట్టొద్దని రెండుసార్లు చెప్పు. నా పాత ప్రింట్ ఒకటి అట్టకు అంటించి ఇచ్చిండ్రు, ఇప్పుడది ఊడదు, మరకలు పోవు.

పదిహేను తీస్తే మూడోదాని కింద 3/15 అని పెన్సిల్‌తోనే రాయి. అది నాకు పక్కకు పెట్టు. పైసలిచ్చే కొంట, ఊకె తీసుకోను.

మీ సారు