షెడ్డు తాళం ఎవరు వేస్తారు?

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి అత్త ఆశీస్సులు.

బరంపురంలో బడి యూనిఫాంలు కుట్టే షెడ్డు తెరుస్తున్నావని మొన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు. తొమ్మిది మిషన్లట! మన ఇంటి ఆడపిల్ల నలుగురికి జీతాలిస్తుందంటే నాకు కళ్లనీళ్లాగలేదు. అంతలో వాడే, "పిల్లల తల్లులు వీలున్నప్పుడు రావొచ్చని చెప్పిందక్కా" అన్నాడు. ఆ మాటతో రాత్రంతా నిద్ర పట్టలేదు. పాతికేళ్ల కిందట నా కుట్టు షెడ్డులో నేను చెప్పిన మాటే అది.

అద్దె కాగితం రాయించుకో. హాజరు పుస్తకం మొదటిరోజే మొదలుపెట్టు. ఇస్త్రీ పెట్టెకి వేరే ప్లగ్గు పెట్టించు.

వీలున్నప్పుడు రావడం కొన్ని పనులకే కుదురుతుంది. కాజాలు, గుండీలు, అంచు మడతలు ఏ వేళ కుట్టినా ఒకటే. కటింగ్, గుడ్డ అంచు దారాలు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ అలా కాదు. ఓవర్‌లాక్ మనిషి పదకొండింటికి వస్తే అంతవరకూ మిగతావాళ్లు చేతులు ముడుచుకు కూర్చోవాలి. పీసు లెక్క మీద బతికేవాళ్లకి అది కూలి నష్టం. పైగా యూనిఫాంల పని ముమ్మరం వేసవిలోనే. మన ఒడిశాలో ఎండలు ముదిరితే బళ్లు పొద్దుటి పూటకి మారుస్తారు, ఆపైన సెలవులు. నీకు మనుషులు బాగా కావలసిన రోజుల్లోనే పిల్లలు ఇంట్లో ఉంటారు. ఆర్డరు ఒప్పుకునేముందు ఆ రెండు నెలలూ లెక్క వేసుకో.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మీ నాన్నకి కూడా చెప్పలేదు.

నా దగ్గర ఏడుగురు ఉండేవారు. అయిదుగురు తల్లులు. బడి వదిలే వేళకి మిషన్లు ఆపి వెళ్లిపోయేవారు, నేనే పంపేదాన్ని. ఊళ్లో అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయేదాన్ని. ఏటి అవతల పాతపట్నం నుంచి ఒకావిడ వచ్చేది. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. మిగిలిపోయిన చొక్కాలు కుట్టడం, ఇస్త్రీ, మూటలు కట్టడం, తాళం వెయ్యడం అన్నీ ఆవిడ మీదే పడ్డాయి. నేను అప్పగించలేదు. అవి ఆవిడ దగ్గరికి జారిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. రెండేళ్లు ఆవిడ నోరెత్తలేదు. ఏ ఇబ్బందీ లేదనుకున్నాను.

ఒక జూన్‌లో, ఆర్డరు ఇంకా నాలుగు రోజుల్లో ఇవ్వాలనగా, తాళాలు కటింగ్ బల్ల మీద పెట్టి "రేపట్నుంచి రానండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ విశ్వాసం లేదన్నాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆవిడ తల వంచుకుని, "పిల్లలున్నోలకేనా అమ్మగారూ ఇంటికాడ పనుండేది?" అని వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం బతిమాలి తెచ్చుకుందామని వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ పక్షవాతంతో మంచాన ఉంది. మూడేళ్లయిందట. పొద్దున్న కూతురు పెట్టిన గంజే, మళ్లీ ఆవిడ రాత్రి ఇంటికి చేరాకే ముద్ద. మధ్యలో పక్క తడిసినా మార్చే దిక్కు లేదు. తల్లులకి నేనిచ్చిన సాయంత్రాలన్నీ ఆ ముసలమ్మ దగ్గర లాక్కున్నవే. రమ్మని అడగలేక తిరిగొచ్చేశాను. క్షమించమని కూడా అడగలేదమ్మా. ఏడాది తిరక్కుండా ముసలమ్మ పోయింది.

అందుకని, ఎవరికి ఏ గంట అడ్డమో పిల్లల తల్లుల్నే కాదు, అందర్నీ ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడుగు. కారణం చెప్పకపోతే గుచ్చకు, గంట రాసుకో. రోజూ మూడు గంటలు అందరూ ఉండాలి. బళ్లు పొద్దుటి పూటైతే ఆ మూడూ పొద్దున్నకి జరుపు. తాళం వంతులు గోడకి అంటించు. మూడో మనిషి కూడా అదే సాయంత్రం అడిగితే కుదరదని చెప్పు. నీకు మొహమాటం జాస్తి, చిన్నప్పట్నుంచీ అంతే. ఆ మొహమాటానికి కూలి ఇంకొకరు కడతారు.

కాజాలు ఇంటికి ఇచ్చినా లెక్కపెట్టి ఇయ్యి. పిల్లలు పడుకున్నాక అర్ధరాత్రి దాకా కుట్టి, పొద్దున్న మిషన్ మీద కునుకుతూ వేలు గుచ్చుకున్న తల్లిని చూశాను నేను.

యాభై మంది పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చనీ 2017లో చట్టం మార్చారు. నీ షెడ్డుకి అది వర్తించదు. అలాగని పసివాళ్లని మిషన్ల మధ్యకి రానివ్వకు. కత్తెరలు, కాలే ఇస్త్రీ పెట్టె తలచుకుంటే నా గుండె జారిపోతుంది. పక్క గది అద్దెకి దొరుకుతుందేమో అడుగు.

నీకూ రెండేళ్ల బిడ్డ ఉన్నాడు. యజమానికి వీలున్న వేళంటూ ఉండదు. మొదటి వారం తాళం నీ పేరున రాసుకో. రెండో వారానికి నేనొస్తాను, బుజ్జిగాణ్ణి చూసుకుంటాను. సాయంత్రం తాళం నా పేరున రాయి.

మీ అత్త