అర్చకత్వం చేయని అమ్మాయికి ఆగమాలు ఎందుకు?

ప్రశ్న: మాది పుత్తూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, సంస్కృతంలో 98 మార్కులు. సీఎస్ఈ సీటు వచ్చే ర్యాంకు ఉంది. ఇప్పుడేమో తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో శాస్త్రి (డిగ్రీ) చేసి, గుడి పూజా విధానాలు చెప్పే పాత ఆగమ గ్రంథాలు చదివి అనువాదం చేస్తానంటోంది. మాది పూజారుల కుటుంబం కాదు, పైగా ఆడపిల్ల. ఇంజనీరింగ్‌లో చేర్చి, పక్కన ఆన్‌లైన్‌లో ఐకేఎస్ (భారతీయ జ్ఞాన పరంపర) సర్టిఫికెట్ చేయించమని తెలిసినవాళ్లు అంటున్నారు. రెండింటిలో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: ఇంత రాశారు గానీ జీతం మాట ఒక్కచోట కూడా ఎత్తలేదు సార్. ‘మాది పూజారుల కుటుంబం కాదు’, ‘ఆడపిల్ల’ అన్న రెండు మాటల దగ్గరే మీ టెన్షన్ అంతా ఉంది. రేపు పెళ్లిలోనో పేరంటంలోనో ‘అమ్మాయి ఏం చదువుతోంది’ అని అడిగితే ఏం చెప్పాలా అని. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, అబ్బాయిల తల్లిదండ్రుల నుంచి కూడా.

గుళ్లో అర్చన చేయడం వేరు. అర్చన ఎలా చేయాలో రాసిన గ్రంథాన్ని తాళపత్రంలోంచి చదివి, ప్రతులు పోల్చి, అర్థం చెప్పడం వేరు. 11వ శతాబ్దపు శైవ గ్రంథం సోమశంభు పద్ధతిని ఫ్రెంచిలోకి తెచ్చింది హెలెన్ బ్రునర్ అనే ఆవిడ. నాలుగు సంపుటాల్లో మొదటిది 1963లో వస్తే చివరిది 1998లో వచ్చింది. వైష్ణవ ఆగమాల్లో ఒకటైన పాంచరాత్రానికి చెందిన లక్ష్మీతంత్రాన్ని 1972లో ఇంగ్లీషులో ఇచ్చింది సంయుక్తా గుప్త. భయపడాలనుకుంటే ఆడపిల్ల అని కాదు, ఆ 35 ఏళ్లు చూసి భయపడండి. ఈ పనికి ఓపిక అంత కావాలి.

ఇక ఆ ఐకేఎస్ సంగతి. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత భారతీయ జ్ఞాన పరంపర అనే మాట ప్రతి కాలేజీ బ్రోచర్‌లోకీ ఎక్కింది. ఉద్దేశం మంచిదే. కానీ కొన్ని వారాల వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో ఆగమంలో ఒక్క పటలం (అధ్యాయం) కూడా చదవలేరు. ఆ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చిన సంస్థ నాకైతే ఇంతవరకు తగల్లేదు. ‘ఏఐ వచ్చింది కదా, అదే అనువాదం చేసేస్తుంది’ అనేవాళ్లూ ఉన్నారు. సోమశంభు పద్ధతి లాంటి ఈ పూజావిధి గ్రంథాలు రాసింది, ఆ క్రియలు రోజూ చేసే ఆచార్యుల కోసం. వాళ్లకు తెలిసిన విషయాలు రాయకుండా వదిలేస్తారు. అంకురార్పణకు (ఉత్సవానికి ముందు విత్తనాలు మొలకెత్తించే క్రియకు) మట్టి తేవడం, పాలికలు (ఆ విత్తనాలు వేసే పాత్రలు) నింపడం ఎన్నడూ చూడనివాళ్లు ఆ అధ్యాయాన్ని అనువదిస్తే వాక్యాలు బాగానే ఉంటాయి, క్రియ మాత్రం తప్పుతుంది. యంత్రం కూడా అక్కడే బోల్తా పడుతుంది. దాన్ని దిద్దడానికి చదువుకున్న మనిషి కావాలి. అయితే ఆ దిద్దేవాళ్లకు పర్మనెంట్ పోస్టులు సిద్ధంగా ఉన్నాయని మాత్రం నేను చెప్పను. చాలావరకు ప్రాజెక్టు పనులే. ప్రాజెక్టు అయిపోతే జీతమూ ఆగిపోతుంది.

మీ అమ్మాయికి ఒక అదృష్టం ఉంది, అది ఊరు. తిరుమల గుళ్లో వైఖానసం (మరో వైష్ణవ ఆగమం), కొండ దిగి తిరుచానూరు పోతే పాంచరాత్రం, శ్రీకాళహస్తికి పోతే శైవం. విదేశాల్లో చదివేవాళ్లు ఇవి చూడటానికి విమానమెక్కి వస్తారు. వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలున్నాయి. పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ కూడా దూరమేం కాదు. అక్కడి శైవ తాళపత్రాలు 2005లో యునెస్కో జాబితాకెక్కాయి.

98 మార్కులు చూసి మురిసిపోకండి. ఇంటర్‌లో సంస్కృతం మార్కుల కోసం తీసుకునేదే కదా. ఆ మార్కులతో వచ్చి ఒక శ్లోకంలో మాటలను వరసలో పెట్టి అన్వయం చెప్పలేని పిల్లలను చాలామందిని చూశాను. శాస్త్రిలో చేరాక వ్యాకరణం దగ్గర మొదటి ఏడాది ఏడుపొస్తుంది. తాళపత్రాల్లో వాడిన పాత లిపులు గ్రంథ లిపి, నందినాగరి నేర్చుకోవాలి. తమిళం వస్తే మేలు. ఇంగ్లీషు రాయడం రాకపోతే ఈ రంగంలో పేరు రాదు.

తిండి సంగతి: అనువాదం ఒక్కటే చేసి ఇల్లు నడిపేవాళ్లు చాలా అరుదు. శాస్త్రి తర్వాత ఆచార్య (పీజీ), తోడుగా శిక్షాశాస్త్రి (బీఎడ్ లాంటిది) పెట్టుకుంటే టీచరు ఉద్యోగానికి దారి ఉంటుంది. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే పరిశోధనకు నెలకు 37,000. అది రాకుంటే పీహెచ్‌డీ ఏళ్లలో మీరు తోడుండాలి. సీఎస్ఈతో పోలిక అడిగారు. మొదటి పదేళ్లు డబ్బు అటువైపే ఎక్కువ, అందులో దాపరికం లేదు. కానీ ఇష్టం లేకుండా చేరి బ్యాక్‌లాగ్‌లు మోసే పిల్లలకు ఆ లెక్క వర్తించదు. పట్టుదల ఉన్న పిల్లకు ఈ దారిలోనూ బతుకుతెరువు దొరకొచ్చు, కానీ గ్యారంటీ మాత్రం ఇవ్వలేను.

ఈ వేసవిలో ఆమెను గ్రంథ లిపి నేర్చుకోమనండి. విశ్వవిద్యాలయం ఆగమ విభాగంలో ఎవరినైనా కలిసి, ఒక పటలం దగ్గర కూర్చుని చదివే అవకాశం అడగమనండి. రెండు నెలలయ్యాక కూడా ఇదే మాట మీదుంటే ఫీజు కట్టేయండి. అప్పటిదాకా సీఎస్ఈ కౌన్సెలింగ్ కూడా వదులుకోవద్దు. బంధువులకు ఏం చెప్పాలంటారా, ఆ జవాబు అమ్మాయినే చెప్పుకోనివ్వండి.