గేర్‌బాక్స్ కారుతోందా, ఊరుతోందా?

సందేహం: మా నాన్నగారి నాటి షెవర్లే ఇంపాలా మా ఇంట్లో ఇంకా ఉంది. ఆటోమేటిక్ గేర్ల బండి. ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది. ఈమధ్య దాని కింద ఎర్రటి గేర్‌బాక్స్ నూనె మరకలు పడుతున్నాయి. "కారు కారుతోంది" అని నేనంటే పిల్లలు నవ్వి, "లీకవుతోంది అనాలి" అన్నారు. విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే మెకానిక్ కిందకి దూరి చూసి, "కారడం కాదండీ, ఊరుతోంది" అన్నాడు. ఈ మూడింటిలో ఏది సరైన మాట?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీరన్నదాంట్లో తప్పేమీ లేదు. ముక్కు కారుతోంది, కుండ కారుతోంది, కుళాయి కారుతోంది అంటాం. కారేది లోపలున్న నీరే అయినా, ఆ నీటిని పట్టి ఉంచే వస్తువుని కర్తగా నిలబెట్టడం తెలుగుకు అలవాటే. చూరు కింద గిన్నెలు పెట్టుకుంటూ "ఇల్లు కురుస్తోంది" అనడం లేదూ? బండి పేరైన కారు ఇంగ్లీషు నుంచి వచ్చింది, స్రవించే కారు మనది. రెండూ పక్కపక్కన పడటంతో పిల్లలకు వింతగా వినిపించింది, అంతే. కారుమబ్బులోని నలుపు, కారు పంటలోని కాలం వేరే సంగతులు.

నన్ను ఆపేసింది మీ మెకానిక్ మాట. ఈ ఊరు అనే క్రియను పాతకాలంలో బండి ఱతో 'ఊఱు' అని రాసేవారు. మనం కాపురముండే ఊరుకు మామూలు ర. తమిళంలో ఆ తేడా నేటికీ నిలిచి ఉంది: గ్రామం ఊర్, ఊటగా రావడం ఊఱు, మన ఊరగాయ వాళ్లకు ఊఱుకాయ్. అచ్చులో బండి ఱను వదిలేశాక మనకు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి గానీ, మాటల పుట్టుక వేరు. ఊట, ఊరగాయ, నోరూరడం, ఊరబెట్టడం అన్నీ ఈ బండి ఱ ఇంటివే.

కారడానికీ దీనికీ తేడా ఏమిటంటారా? కారేదానికి ధార గానీ బొట్టు గానీ కంటికి కనిపించాలి. ఊరేది కనిపించకుండా లోపలి నుంచి వచ్చి చేరుతుంది. వేసవిలో కృష్ణ ఇసుకలో చెలమ తవ్వితే ఎటునుంచి వస్తోందో తెలియకుండా నీరు చేరుతుంది, తోడినకొద్దీ మళ్లీ చేరుతుంది. చెలమలో నీరు కారిందని ఏ పల్లెటూరి మనిషీ అనడు. కొత్తావకాయ జాడీ మూడోనాడు మూత తీసి చూడండి. కలిపిన రోజు పొడిపొడిగా ఉన్న కారం ఎర్రగా జారై ఉంటుంది, గరిటె దింపితే ముక్కల మధ్య ఊట నిలిచి కనిపిస్తుంది. ఎవరూ నీళ్లు పోయలేదు. ముక్కలోని రసమే ఉప్పుకు బయటికొచ్చింది. ఇంత పనిని ఒక్క క్రియ చెబుతోంది.

మీ మెకానిక్ ఆ ఒక్క మాటలో రోగం చెప్పేశాడు. గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్టుల చుట్టూ రబ్బరు సీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి గట్టిపడి, పట్టు వదిలి, నూనెను సన్నగా ఊరనిస్తాయి. బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే, ఇంజన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని నూనె మెల్లగా కింది చాంబర్‌లోకి, అంటే గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే రేకు తొట్టిలోకి దిగుతుంది. అక్కడ మట్టం పెరిగి, మామూలుగా పైన పొడిగా ఉండే గేర్ లివర్ షాఫ్ట్ సీలు కూడా మునుగుతుంది. తిరిగే బండి కన్నా షెడ్డులో ఉన్న బండే ఎక్కువ ఊరడానికి ఇదొక కారణం. చాంబర్ ప్యాకింగ్ పోతే మాత్రం బొట్లు బొట్లుగా కారుతుంది. నూనెను చల్లార్చే కూలర్ గొట్టానికి చిల్లి పడితే, ఇంజన్ నడుస్తున్నప్పుడు ఒత్తిడికి చిమ్ముతుంది. నూనె ఎక్కువ పోస్తే నురగ కట్టి గాలిగొట్టం గుండా పొంగుతుంది. కారు, ఊరు, చిమ్ము, పొంగు: నాలుగింటికీ మరమ్మతు వేరు. మీ పిల్లలు చెప్పిన 'లీకు' నాలుగింటినీ మింగేసి, ఏమీ చెప్పకుండా కూర్చుంటుంది.

లీకు మీద నాకు పగ లేదు, జనం నోట నలిగిన మాటే. నా కోపం 'లీకేజీ సమస్య తలెత్తడం జరిగింది' అని రాసేవాళ్ల మీద. జరగడానికి అదేమన్నా పెళ్లా? 'నూనె కారింది' అంటే ఏం పోయింది? రహస్యం బయటపడితే 'పొక్కింది' అని చక్కని మాట ఉండగా, దానికీ లీకే. మొన్న ఒకచోట ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్‌ను 'స్వయంచాలక ప్రసారం' అని రాశారు. ప్రసారం ఆకాశవాణి చేసే పని. బండిలో ఉన్నది గేర్‌బాక్స్, ఆ మాట ఆటోనగర్‌లో ప్రతివాడికీ తెలుసు.

ఇక తీర్పు. బొట్టు పడుతున్న చోటు చెప్పేటప్పుడు 'కారుతోంది' అనండి, పుడుతున్న చోటు చెప్పేటప్పుడు 'ఊరుతోంది' అనండి. మీ విషయంలో రెండూ నిజం కావచ్చు: సీలు దగ్గర ఊరిన నూనె చాంబర్ అంచుకు జారి, అక్కడ బొట్టై కారుతుంది. అందుకే మరక ఉన్నచోటే చిల్లు ఉందనుకుని చాంబర్ బోల్టులు బిగించకండి. అతిగా బిగిస్తే రేకు అంచు వంగి ప్యాకింగ్ నలిగిపోతుంది, అప్పుడు నిజంగానే కారుతుంది. అడుగంతా శుభ్రంగా కడిగించి, ఆరాక కింద అట్ట పరిచి, కాసేపు ఇంజన్ నడిపి చూడమనండి. అన్నిటికన్నా పైన తడి ఎక్కడ కనిపిస్తే, వెతకడం అక్కడ మొదలుపెట్టాలి. పైన అంతా పొడిగా ఉండి చాంబర్ అంచు ఒక్కటే తడిస్తే, మీ మాటే గెలిచినట్టు. రాత్రంతా నిలిపి ఉంచాక మరోసారి చూడమనండి, ఊరేది అప్పుడే బాగా తెలుస్తుంది.